మన నగలు మనకు చూపెట్టరా?

హైదరాబాద్‌కు చుట్టాలొస్తే పాతబస్తీ తిప్పుతం. చార్మినార్, చౌమహల్లా, పురానీ హవేలీ. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాక నిలబెడుతం. అన్నీ చూసినంక వాళ్లు అడిగే మాట ఒక్కటే: ‘నిజాం నగలు ఏవీ?’

మన దగ్గర జవాబున్నది గానీ నగలు లేవు. అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నయి. 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలను నిజాం ట్రస్టుల నుంచి 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ తర్వాత అవి హైదరాబాద్ మొఖం చూసింది రెండేసార్లు. 2001లో, 2006లో. రెండుసార్లూ సాలార్‌జంగ్ మ్యూజియంలోనే ప్రదర్శించినరు. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో పెట్టినరు, మళ్లీ తాళం వేసినరు. 2006లో పుట్టిన పిల్లలు ఓటర్లయినరు. సొంత నగరంలో ఆ నగలను వాళ్లు ఒక్కసారన్న చూడలేదు. 2014లో రాష్ట్రమైతే వచ్చింది, నగలు మాత్రం రాలేదు.

ఇది నిజాంను నెత్తికెత్తుకునే ముచ్చట కాదు. సర్ఫెఖాస్ ఊర్ల శిస్తు నేరుగా ఆయన సొంత ఖజానాకు పోయేది. ఆ శిస్తు కట్టింది మన తాతలు. జాకబ్ వజ్రాన్నే తీసుకోండి, బరువు సుమారు 185 క్యారెట్లు. అది గోల్కొండ రాయి కాదు, దక్షిణాఫ్రికాది. 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొన్నడు. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగిరిపోకుండ బరువుగా పెట్టుకునేటోడని చెప్పుకుంటరు. రాయి పరాయిదే కావచ్చు, కొన్న పైసలు ఈ గడ్డవి. రైతు చెమట ఎట్లా వజ్రమయిందో మన పిల్లలు కండ్లారా చూడాలె. రాజు వైభవంతో పాటు ప్రజల గోస కూడా అక్కడ రాసిపెట్టాలె. అప్పుడే అది చరిత్ర.

భద్రత లేదంటరు. 2018 సెప్టెంబర్‌లో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డ సంగతి ఎత్తుతరు. నిజమే. వెంటిలేటర్ గుండ దిగి బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసర్, చెంచా ఎత్తుకపోయినరు. పది రోజులు తిరగకముందే హైదరాబాద్ పోలీసులు దొంగలను పట్టుకొని సొత్తు వాపసు తెచ్చినరు. అయినా అది ట్రస్టు నడిపే మ్యూజియం. దానికి కాపలా పెంచాలె, సర్కారు చెయ్యందించాలె. ఆ దొంగతనాన్ని సాకుగ చూపి నగలను దాచిపెట్టుడు న్యాయం కాదు. సాలార్‌జంగ్ సంగతి వేరు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఇచ్చిన సంస్థ అది. తన సంస్థ మీద కేంద్రానికే నమ్మకం లేదా? రెండుసార్లు భద్రంగ చూపెట్టినోళ్లు మూడోసారి ఎందుకు చూపెట్టలేరు?

ఇరాన్‌ను చూడండి. అక్కడి రాజుల నగలు కూడా బ్యాంకులోనే ఉన్నయి. టెహ్రాన్‌లో సెంట్రల్ బ్యాంకు ఖజానానే మ్యూజియం చేసినరు. జనం టికెట్టు కొనుక్కొని పోయి చూసొస్తరు. మన రిజర్వు బ్యాంకుకు సైఫాబాద్‌లో ఆఫీసున్నది. అక్కడి నుంచి మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్‌కు ఎంత దూరం? ఖజానా ఇక్కడ, ప్రదర్శన అక్కడ పెడితే ఖర్చూ తక్కువే, భయమూ తక్కువే.

అడగాల్సినవి నాలుగే. ఒకటి, నగలకు సాలార్‌జంగ్‌లో కట్టుదిట్టమైన శాశ్వత గ్యాలరీ కట్టాలె. రెండు, అది తయారయ్యేదాక ఏటా కొన్ని నెలలు ఇక్కడ ప్రదర్శించాలె. మూడు, 173 నగల ఫొటోలు, కొలతలు, కథలు తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రతి జిల్లా గ్రంథాలయానికి పంపాలె. నాలుగు, ఆదిలాబాద్, పాలమూరు సర్కారు బడి పిల్లలకు బస్సు పెట్టి ఉచితంగ చూపెట్టాలె.

ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటన్న ఉన్నదా? విద్యార్థి మిత్రులు తమ ఎంపీ ఇంటికి పోయి అడగాలె: పార్లమెంటులో ఈ మాట ఎప్పుడు ఎత్తుతవని. ఉద్యోగ సంఘాలు తమ మహాసభల్లో ఒక తీర్మానం చేసి ఢిల్లీకి పంపాలె. నీళ్ల కోసం, కొలువుల కోసం కొట్లాడి గెలిచినోళ్లం. పెట్టెలో పెట్టి తాళమేసిన మన చరిత్రను అడగడానికి మొహమాటమెందుకు?