విమానం రద్దయిందా? ఊరుకోకండి, అడగండి

విమానాల గురించి మన పత్రికలో రాయడమేమిటి, అది ఉన్నవాళ్ళ గొడవ కదా అని కొందరికి అనిపించవచ్చు. అలా అనుకునేవాళ్ళు ఒకసారి బంగారుపేట వచ్చి చూడాలి. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాక ఈ ప్రాంతపు బతుకు రైలు పట్టాల మీదికి వచ్చింది. తెల్లవారకముందే మారికుప్పం బండి పట్టుకుని బెంగళూరు వెళ్ళి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు ఇక్కడ వేలమంది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఇంకా దూరం పోతున్నారు. నర్సింగ్ చదివిన అమ్మాయి కువైట్‌కు, ఐటీఐ చేసిన అబ్బాయి దుబాయికి, ఇంజనీరింగ్ ముగించిన ఇంకొకడు పుణెలో ఇంటర్వ్యూకి. తాత గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగాడు, మనవడు దేవనహళ్ళిలో విమానం ఎక్కుతున్నాడు. ఆ టిక్కెట్టు చీటీ డబ్బుతోనో, అమ్మ కమ్మలు కుదువ పెట్టిన డబ్బుతోనో కొన్నది. ఆ విమానం రద్దయితే దానితోపాటు ఉద్యోగంలో చేరాల్సిన తేదీ, ఒక్కోసారి వీసా గడువు కూడా పోతాయి.

అలా చిక్కుకున్న మన పిల్లలు విమానాశ్రయం నుండి నాకు ఫోన్ చేస్తుంటారు. "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటారు. చేస్తాను. చేశాక ఒక మాట అడుగుతాను: "కౌంటర్లో ఏం రాసిచ్చారు బాబూ?" ఇంతవరకు ఒక్కరు కూడా కాగితం తీసుకున్నామని చెప్పలేదు. అడగొచ్చని వాళ్ళకు తెలియదు. పక్కనే ఉన్న పెద్దమనిషి ఇంగ్లీషులో నాలుగు మాటలు గట్టిగా అని హోటల్ గది సంపాదించుకుంటాడు. మనవాడు బ్యాగు తలకింద పెట్టుకుని నేల మీద పడుకుంటాడు. నియమం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఆ నియమం ఏమిటో చూద్దాం. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2010లో వీటిని తెచ్చి, 2016లో పరిహారపు మొత్తాలను పెంచింది. సీట్లకు మించి టిక్కెట్లు అమ్మడం విమాన సంస్థలకు మామూలే. అందరూ వచ్చేస్తే, స్వచ్ఛందంగా ఆగిపోయేవారు ఎవరైనా ఉన్నారా అని ముందు అడగాలి. ఎవరూ ఒప్పుకోక, సరైన టిక్కెట్టుతో వేళకు వచ్చినవాణ్ణి ఎక్కనివ్వకపోతే, గంటలోపు బయలుదేరే ఇంకో విమానం చూపించాలి. అది చేయలేక 24 గంటల్లోపు పంపిస్తే, ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి రెండింతలు ఇవ్వాలి, 10,000 రూపాయలకు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000కు మించకుండా. ఇంకో విమానం నాకొద్దు అంటే టిక్కెట్టు డబ్బు మొత్తం వాపసు, దానిపైన ఈ నాలుగింతలు.

రద్దు సంగతి వేరు. కనీసం 24 గంటల ముందు చెప్పకుండా రద్దు చేస్తే, ఇంకో విమానం లేదా టిక్కెట్టు డబ్బు ఇవ్వడమే కాక పరిహారం కూడా ఇవ్వాలి. గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల వరకు 7,500, ఆపైన 10,000 రూపాయలు. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువే వస్తుంది. ఆలస్యానికి మాత్రం మన నిబంధనల్లో నగదు లేదు. రెండు గంటలు దాటితే, దూర ప్రయాణాలకు మూడు నాలుగు గంటలు దాటితే, భోజనం, ఫలహారం పెట్టాలి. ఆరు గంటలు దాటితే ఇంకో విమానమో పూర్తి డబ్బో ప్రయాణికుడు కోరుకోవచ్చు. రాత్రి 8 నుండి తెల్లవారుజాము 3 గంటల మధ్య బయలుదేరాల్సింది ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది ఉచితం. నేల మీద పడుకున్న మనవాడికి రావలసింది ఆ గదే.

ఐరోపా దేశాల్లో చట్టం ఇంకొంచెం గట్టిగా ఉంది. 2004లో చేసిన నియమం ప్రకారం, గమ్యం చేరడం మూడు గంటలు ఆలస్యమైనా దూరాన్ని బట్టి 250 నుండి 600 యూరోల వరకు వస్తుంది. అక్కడినుండి బయలుదేరే ఏ విమానానికైనా ఇది వర్తిస్తుంది. ఇక్కడినుండి అక్కడికి పోయేటప్పుడు మాత్రం ఐరోపా సంస్థ విమానమై ఉండాలి. జర్మనీకి చదువుకు పోతున్న మన యువత ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి రాదు. 2022 జూన్‌లో డీజీసీఏ బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీ విమానాశ్రయాల్లో తనిఖీలు చేసింది. సరైన టిక్కెట్లున్నవాళ్ళను ఎక్కనివ్వలేదని, పైగా పరిహారమూ ఇవ్వలేదని ఎయిర్ ఇండియాకు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆ జరిమానా సర్కారు ఖాతాలోకి పోతుంది. ఆగిపోయినవాడు తన డబ్బు తాను అడిగి తెచ్చుకోవలసిందే.

ఇక్కడ మనవాళ్ళు పడే ఒక గుంత ఉంది. టిక్కెట్టు కొనేటప్పుడు ప్రయాణికుడు తన ఫోన్ నంబరు ఇవ్వకపోతే, సమాచారం అందలేదని రద్దుకు పరిహారం అడిగే వీలు ఉండదు. మన ఊళ్ళలో గల్ఫ్ టిక్కెట్లు తీసేది ఏజెంట్లు. చాలామంది తమ నంబరే, తమ ఈమెయిలే ఎక్కిస్తారు. విమానం రద్దయిందన్న మెసేజి ఏజెంటు ఫోన్‌కు వస్తుంది, ఆయన నిద్రలో ఉంటాడు. సంస్థ మాత్రం మేము చెప్పాం అంటుంది. కాబట్టి టిక్కెట్టు చేతికి రాగానే మొదట చూడవలసింది దాని మీద ఎవరి నంబరు ఉందన్నదే.

అన్నిటికీ డబ్బు వస్తుందని నేను అనడం లేదు. పొగమంచు, తుపాను, యుద్ధం, భద్రతా కారణాలు, ఇలాంటి అసాధారణ పరిస్థితుల్లో సంస్థకు మినహాయింపు ఉంది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుండి హైదరాబాద్ రావలసిన ఒక ప్రయాణికుడు పొగమంచు వల్ల గంటల తరబడి ఇండిగో విమానంలోనే కూర్చోవలసి వచ్చింది. హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్ ఆయనకు 10,000 రూపాయల పరిహారం ఇప్పించింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది, తప్పు సంస్థది కాదని. అయినా ఆ తీర్పు మనకు పనికొచ్చేదే. టిక్కెట్టు చవకైనంత మాత్రాన ప్రయాణికుల కనీస అవసరాలు చూడకుండా తప్పించుకోలేరని చెప్పింది. టిక్కెట్టు వెనక ఢిల్లీ కోర్టులకే అధికారమని రాసుకున్నా, హైదరాబాద్‌లో కేసు నడవడం సరైనదేనని కూడా చెప్పింది.

పొగమంచు దేవుని చేతిలో ఉంది. డ్యూటీ చార్టు యాజమాన్యం చేతిలో ఉంది. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచి, రాత్రి పూట దిగే విమానాలను తగ్గించిన నిబంధనలకు సంస్థ సిద్ధపడలేదు. అప్పుడు కొందరు విశ్రాంతి ఎక్కువివ్వడం వల్లే ఇదంతా అన్నారు. గని పిల్లలమైన మనం ఆ మాట అనకూడదు. అలసిన మనిషి చేత పని చేయిస్తే ఏమవుతుందో మన ఇళ్ళల్లో విధవరాళ్ళకు తెలుసు. పైలట్‌కు విశ్రాంతీ కావాలి, ప్రయాణికుడికి పరిహారమూ కావాలి. రెంటికీ చెల్లించవలసినవాడు యజమానే. కౌంటర్లో నిలబడ్డ అమ్మాయి మీద అరవకండి. ఆమె కూడా కాంట్రాక్టు మీద పనిచేసే మన అమ్మాయే కావచ్చు.

"క్షమించి వదిలేయాలి కదా అయ్యగారూ" అంటారు కొందరు విశ్వాసులు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయం చూపిస్తారు. అది సంఘంలో సహోదరుల మధ్య తగాదాల గురించి. సేవకు డబ్బు తీసుకుని సేవ చేయని కంపెనీకి దాన్ని ఎలా అంటగడతాం? ఫిలిప్పీలో పౌలును చూడండి. విచారణ లేకుండా కొట్టించిన అధికారులు, మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మని కబురు పంపారు. పౌలు కదలలేదు. రోమా పౌరుడిగా తన హక్కు చెప్పి, వాళ్ళే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. అందులో పగ లేదు. తరువాత అదే ఊళ్ళో మిగిలే చిన్న సంఘానికి ఆ పట్టుదల ఎంత రక్షణో ఆలోచించండి.

ఎలా అడగాలి? అక్కడే, రాతపూర్వకంగా. రద్దు లేదా ఆలస్యానికి కారణం రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే బోర్డు ఫోటో తీయండి, మెసేజీలు చెరిపేయకండి, బోర్డింగ్ పాసు, తిండికి, టాక్సీకి పెట్టిన బిల్లులు దాచండి. మొదట సంస్థ నోడల్ అధికారికి ఈమెయిల్, తర్వాత పౌర విమానయాన శాఖవారి ఎయిర్‌సేవాలో ఫిర్యాదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. అప్పటికీ పలకకపోతే కోలారులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళలోపు వేయాలి. ఇంగ్లీషులో ఒక అర్జీ రాయగల యువకుడు మన ప్రతి సంఘంలో ఉన్నాడు. ఆదివారం ఆరాధన తర్వాత ఒక అరగంట అతను కూర్చుంటే చాలు.

రైలు ఆలస్యమై విమానం తప్పితే? బంగారుపేటవాళ్ళకు ఇదే పెద్ద భయం. అజ్మీర్–జమ్మూ రైలు నాలుగు గంటలు ఆలస్యమై శ్రీనగర్ విమానం అందుకోలేకపోయిన ఒకాయనకు పరిహారం చెల్లించాలని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యానికి కారణం నిరూపించే భారం రైల్వేదే అన్నది. అయితే అది కోర్టుకెక్కి గెలిచినది, టిక్కెట్టుతోపాటు వచ్చే హక్కు కాదు. జనరల్ బోగీలో రోజూ గంట ఆలస్యంగా చేరి సగం రోజు కూలి పోగొట్టుకునే తల్లికి ఇంకా ఏ నియమమూ లేదు. విమానానికి ఉన్నది రైలుకు ఎందుకు లేదని మనం అడగాలి.

విమానం విషయంలోనైనా, అడిగినవాడికే దక్కే పద్ధతి మారాలి. 2016లో పెట్టిన పరిమితులే 2025 డిసెంబరులోనూ లెక్కకు వచ్చాయి, టిక్కెట్ల ధరలు మాత్రం అక్కడే ఆగలేదు. ప్రయాణికుడు డబ్బు కట్టిన ఖాతా వివరాలు చెల్లింపు రికార్డుల్లోనే ఉంటాయి. సొంత కారణంతో రద్దు చేసిన రోజే పరిహారం అదే ఖాతాలోకి వేయాలని, దేవనహళ్ళి కౌంటర్ల దగ్గర ఈ నియమాలు కన్నడ, తెలుగు, తమిళ భాషల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని మన సంఘాలు, యువజన కూటములు డీజీసీఏకు ఉత్తరాలు రాయాలి. కన్నడ ప్రతి తయారుచేసే పని కోలారు, బంగారుపేట యువత తీసుకోవచ్చు.