సుందరయ్య లెక్కలో మన శ్రమ ఎక్కడ?

పుచ్చలపల్లి సుందరయ్య గురించి రాసేవాళ్ళు మామూలుగా సైకిల్ దగ్గర మొదలుపెడతారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళిన నాయకుడు, ఆస్తిని పార్టీకిచ్చేసిన త్యాగమూర్తి, పేరు చివరి రెడ్డిని తీసేసుకున్న మనిషి. ఇవన్నీ నిజాలే. కానీ వీటినే పదేపదే చెప్పుకుని చెప్పుకుని ఆయన్ని పటం కట్టి గోడకెక్కించాం. పటానికి దండ వేస్తాం గానీ దానితో వాదన పెట్టుకోం. ఆయన పుట్టింది 1913 మే 1న, పోయింది 1985 మే 19న. ఏటా ఆ రెండు తేదీల మధ్య ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో జరిగే సభలకు వెళ్ళినప్పుడు వేదిక మీద ఎందరు స్త్రీలు కూర్చున్నారు, కింద జంపఖానాల మీద ఎందరు కూర్చున్నారు అని లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. ఆ లెక్క ఇక్కడ రాయక్కర్లేదు, సభలకు వెళ్ళే పాఠకులకు తెలిసిందే.

ఈ సంచికలో ఎక్కువ భాగం వ్యవసాయ కూలి స్త్రీల గురించి. అందుకే సుందరయ్య జీవితాన్నీ రచనల్నీ మన ప్రశ్నలతో మళ్ళీ చదవాలనిపించింది. సోషలిజం అనే మాట తెలుగు పల్లెల్లో అప్పుడప్పుడే వినపడుతున్న రోజుల్లో కూలివాళ్ళను సంఘంగా కూడగట్టిన తొలితరం నాయకుల్లో ఆయన ఒకరు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టారు. పదిహేడేళ్ళకే చదువు వదిలి 1930 ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు అయ్యారు. కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో పనిచేశారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు సంయుక్త కార్యదర్శి అయ్యారు. మన ప్రాంతానికీ ఆయన పరాయివారు కాదు. ఏలూరు నుంచి బెజవాడ వెళ్ళే దారిలోని గన్నవరం ఆయన్ని 1955లో, 1962లో, మళ్ళీ 1978లో శాసనసభకు పంపింది.

ఈ వివరాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అలగానిపాడు కూలిసంఘం. ఆ రోజుల్లో ఆంధ్రలో రైతుసంఘం అంటే భూమి వున్నవాళ్ళ సంఘం. శిస్తు తగ్గించమని, అప్పులు మాఫీ చెయ్యమని సర్కారునీ జమీందారునీ అడిగే సంఘం. ఆ రైతు ఇంటి ముందే నిలబడి కూలి పెంచమని అడిగే మనిషి గురించి ఆ సంఘాలకు పెద్దగా పట్టలేదు. ఆ మనిషికి విడిగా సంఘం కావాలనడం, అదీ సొంత ఊళ్ళో, సొంత బంధువుల పొలాల్లో పనిచేసేవాళ్ళతో మొదలుపెట్టడం చిన్న విషయం కాదు. సోషలిజాన్ని పుస్తకంలో చదువుకున్నవాళ్ళు అప్పుడూ చాలామందే వున్నారు. మేనమామ కమతంలో కూలి రేటు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

అయితే కూలి అంటే ఎవరు? మన డెల్టాలో ఊడ్పులు ఆడవాళ్ళ పని. కలుపు ఆడవాళ్ళ పని. నడుము వంచి బురదలో వెనక్కి నడుస్తూ చేసే ఆ పని లేకపోతే వరి లేదు. అయినా కూలిసంఘం అనగానే కళ్ళ ముందుకొచ్చే బొమ్మ తలగుడ్డ చుట్టుకున్న మగవాడిదే. నేను చూసిన కూలి ఒప్పందాల్లో మగకూలి ఒక వరసలో, ఆడకూలి దాని కింద ఇంకో వరసలో వుంటాయి. కింది వరసలో అంకె ఎప్పుడూ తక్కువే. ఆ కాగితం మీద రైతుల తరపున సంతకం చేసినవాళ్ళూ మగవాళ్ళే, కూలీల తరపున సంతకం చేసినవాళ్ళూ మగవాళ్ళే. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. ఆ తర్వాత పాతికేళ్ళు దాటినా ఆ రెండు వరసలు ఒకటి కాలేదు. ఉపాధిహామీ పనులు మొదలయ్యాక గానీ ఒకే కొలతకు ఆడా మగా ఒకే రేటు అనేది మన ఊళ్ళలో చాలామంది స్త్రీలకు అనుభవంలోకి రాలేదు.

సుందరయ్య రచనల్లో సోషియాలజీ విద్యార్థిగా నన్ను మొదట ఆకట్టుకున్నవి పెద్ద పుస్తకాలు కావు, గ్రామ సర్వేలు. అరవయ్యేళ్ళు పైబడిన వయసులో, ఒక అఖిల భారత పార్టీకి ప్రధాన కార్యదర్శిగా వుంటూ, 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఇంటింటి సర్వే చేయించారు. ఆంధ్ర గ్రామాల సర్వే ఫలితాలు 1977లో ‘సోషల్ సైంటిస్ట్’ పత్రికలో వచ్చాయి. 2005–06లో పరిశోధకులు అదే ఊరికి మళ్ళీ వెళ్ళి సర్వే చేశారంటే ఆ పని విలువ ఎంతో తెలుస్తుంది. ఎకరాలను బట్టి మాత్రమే వర్గాన్ని చెప్పలేమన్నది అందులో కీలకం. ఆ కుటుంబం తన చేతులతో పొలంలో పనిచేస్తుందా, లేక పనంతా కూలివాళ్ళతో చేయిస్తుందా అని అడగాలి. ఎవరి చేతులు మట్టిలో దిగుతున్నాయన్నదే ప్రశ్న. ఎంత సూటి ప్రశ్న!

ఈ ప్రశ్నను కుటుంబం గడప దగ్గరే ఆపేయడం మీదే నా పేచీ. ‘కుటుంబ శ్రమ’ అన్న ఒక్క మాటలో మొగుడూ పెళ్ళామూ కొడుకూ కోడలూ అందరూ కలిసిపోతారు. మన జిల్లాలో ఒక కుటుంబం కాస్త గట్టెక్కగానే మొదట చేసే పని ఇంటి ఆడవాళ్ళను పొలం మాన్పించడం. అది పరువు. పొలం మానిన ఆవిడ మాత్రం తెల్లవారక ముందే లేచి పేడ తీస్తుంది, పాలు పితుకుతుంది, కూలివాళ్ళకు అన్నం వండుతుంది, ధాన్యం ఎండబోస్తుంది, విత్తనం దాస్తుంది. మీరేం చేస్తారమ్మా అని అడిగితే ఏమీ లేదండీ, ఇంట్లోనే వుంటాను అంటుంది. సర్వే కాగితం కూడా ఆమె చెప్పిందే రాసుకుంటుంది. ఆమె పొలం మానినందువల్ల ఖాళీ అయిన చోటుకి వచ్చేది ఇంకో ఆడమనిషి, చాలాసార్లు మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో. అంటే ఒక ఇంటి వర్గం మారడం ఇద్దరు స్త్రీల శ్రమ మారడంగా కూడా జరుగుతోంది. ఎవరి చేతులు అన్న ప్రశ్న సుందరయ్యదే. దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళడం మన పని.

ఆయన తన ఇంట్లో మాత్రం ఆ గడప దాటారు. ఇది ఆయన అభిమానులు కొంచెం ఇబ్బందిపడుతూ చెప్పే విషయం. 1943లో లీలను పెళ్ళి చేసుకున్నారు. ఉద్యమానికే బతుకు ఇవ్వాలని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. వేసెక్టమీ ఆయన చేయించుకున్నారు. కుటుంబ నియంత్రణ ప్రభుత్వ కార్యక్రమంగా రావడానికి ముందు మాట ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. సైకిల్ గురించి వంద వ్యాసాలు వచ్చాయి. ఈ ఆపరేషన్‌ను మగవాళ్ళకు ఆదర్శంగా చూపించిన ఉపన్యాసం నేనింతవరకు వినలేదు.

కానీ నాయకుడి ఇంట్లో సాధ్యమైనది ఉద్యమంలో సాధ్యపడలేదు. 1972లో వచ్చిన ఆయన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో స్త్రీల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం వుంది. ఆ కాలపు రాజకీయ చరిత్రల్లో అలాంటిది అరుదు, దాన్ని తక్కువ చెయ్యను. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల మంది అమరులు అని లెక్క చెప్పే ఆ పుస్తకంలో స్త్రీలు కనపడతారు. ఎదురు నిలిచిన వీరనారులుగా, పోలీసుల చేతుల్లో, సైన్యం చేతుల్లో హింస పడ్డవాళ్ళుగా కనపడతారు. ఈ రెండింటికీ మధ్యనున్న రోజువారీ జీవితం అందులో లేదు. అది తెలియడానికి 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. దళంలో వుంటూ కన్న బిడ్డను ఎవరికో ఇచ్చేయాల్సిన తల్లి, పోరాటం విరమించగానే ఇంటికెళ్ళి సంసారం చేసుకోమన్న మాట విన్న యువతి, ఆ ఏళ్ళలో దొరికిన గౌరవం మళ్ళీ ఎన్నడూ దొరకలేదన్న పెద్దావిడ, అందరూ అక్కడ మాట్లాడారు. వాళ్ళు పార్టీని తిట్టడానికి మాట్లాడలేదు. అవి తమ జీవితంలో అత్యంత గొప్ప రోజులంటూనే, మరి మా ప్రశ్నలు ఎవరూ ఎందుకు వినలేదని అడిగారు. పాఠకులు ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని చదివితే సగమే తెలుస్తుంది.

కొల్లేటికి అవతలి వైపు పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ (2012) కూడా ఈ వరసలోదే. అజ్ఞాతవాసం, ఆ తర్వాత భర్త విడిచి వెళ్ళడం, ముప్పై దాటాక మళ్ళీ బడిలో చేరి చదువుకోవడం, హాస్టల్ మేట్రన్ ఉద్యోగం. నూరేళ్ళు బతికి 2018లో వెళ్ళిపోయారు. ఇక ఏలూరు సంగతే తీసుకుందాం. 1962లో ఈ నియోజకవర్గం వీరమాచనేని విమలాదేవిని కమ్యూనిస్టు అభ్యర్థిగా లోక్‌సభకు పంపింది. ఏలూరు కాలేజీల్లో చదువుతున్న ఆడపిల్లలను ఆ పేరు అడిగి చూడండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కూలి అనే పనే మన కళ్ళముందు మారిపోతోంది. ఏలూరు నుంచి భీమడోలు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్ళే దారికి దక్షిణాన, అటు కైకలూరు, ఆకివీడు దాకా ఒకప్పటి వరిచేలు ఎన్నో చేపల చెరువులైపోయాయి. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు వచ్చి కలిసే కొల్లేటిలోనే 1976లో మత్స్యకారులకూ దళితులకూ సొసైటీలు పెట్టి చెరువులిచ్చారు. అవి తర్వాత లీజుల పేరుతో ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో ఇక్కడ అందరికీ తెలుసు. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో చెరువుల గట్లు పేల్చారు, 2008లో కాంటూరును ఐదు నుంచి మూడుకు తగ్గించమని శాసనసభ తీర్మానించింది. ఇంత చర్చలోనూ మాట్లాడింది చెరువు హక్కుదారుల గురించి, పక్షుల గురించి. వరిచేను చెరువైనప్పుడు ఊడ్పులూ కలుపూ పోగొట్టుకున్న ముఠాల గురించి ఎవరు మాట్లాడారు? చెరువులో తవుడు బస్తాలు కట్టేది మగవాడు, వల లాగేది మగవాడు, ఐసు వేసి లారీకెత్తేది మగవాడు. ఆడవాళ్ళకు మిగిలింది రొయ్యల షెడ్లలో తలలు తీసే పని, గూడెం ఉల్లిపాయల కొట్లలో ఏరుడు పని. వాటిలో పనిగంటలకు హద్దులేదు, హాజరుపట్టీలో పేరుండదు. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్‌పార్కుకు వ్యతిరేకంగా 2016–17లో జరిగిన ఆందోళనలో ముందు నిలబడింది స్త్రీలే. జైలుకు వెళ్ళినవాళ్ళలోనూ స్త్రీలున్నారు. అది నీటి కోసం, ఊరి కోసం చేసిన పోరాటం. కూలిసంఘాలు దాన్ని శ్రమకు సంబంధించిన పోరాటంగా కూడా చూడవలసింది.

అలగానిపాడులో ఒక యువకుడు సొంతవాళ్ళ పొలాల్లో అడిగిన ప్రశ్నను ఈ షెడ్ల ముందు ఎవరు అడుగుతారు? నాకు తెలిసి సంఘాల్లో వున్న స్త్రీలే అడగాలి, ముందుగా తమ సంఘంలోనే అడగాలి. ఒప్పందం మీద సంతకం చెయ్యడానికి వెళ్ళే ఐదుగురిలో ఎందరు స్త్రీలు? షెడ్డు పనివాళ్ళకు సభ్యత్వం ఇస్తున్నారా? ఊడ్పుల ముఠాలో మేస్త్రి కమీషన్ ఎంత, అది ఎవరి కూలిలోంచి పోతోంది?

వచ్చే సంచికలో ఈ వివరాలే వేయాలనుకుంటున్నాం. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పనిచేస్తున్న మిత్రులు తమ ఊళ్ళో ఈ సార్వాకు ఎకరం ఊడ్పు గుత్త ఎంత పలికిందో, ముఠాలో ఎందరున్నారో, ఒక్కొక్కరికి ఎంత ముట్టిందో, అదే ఊళ్ళో మగకూలి ఎంతో రాసి పంపండి. రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ళు కిలోకు ఎంత ఇస్తున్నారో, రోజుకు ఎన్ని గంటలు నిలబడుతున్నారో రాయండి. రాయడం రానివాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోండి. వాళ్ళు వద్దంటే పేర్లు వేయం.