దున్నదూడ మేపులో తవుడు ధరే కీలకం

ఏలూరు: పాడిగేదెకు దున్నదూడ పుడితే రైతుకు భారమే. దుక్కికి ట్రాక్టరు వచ్చాక దున్నకు గిరాకీ తగ్గింది. మిగిలింది మాంసం బేరమే. 1977 నాటి రాష్ట్ర చట్టం దూడల వధను నిషేధించింది. కనుక ఎదిగేవరకు మేపక తప్పదు. లాభనష్టాలు తేలేది మేపు ఖర్చులోనే.

చిక్కు ఇక్కడే ఉన్నది. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు ముఖ్యమైన మేత నూనె తీసిన తవుడే. చెరువుల కొనుగోళ్లు జోరందుకుంటే చిన్నరైతు ఆ ధరకు తూగలేడు. దాణా ధరలు అదుపు చేసేందుకు 2023 జూలైలో కేంద్రం ఈ తవుడు ఎగుమతిని నిషేధించింది. 2025 అక్టోబరులో ఆంక్ష తొలగడంతో విదేశీ గిరాకీ కూడా పోటీకి వచ్చింది.

చౌక దారి గడ్డి. 100 కిలోల ఎండుగడ్డిపై 4 కిలోల యూరియాను నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 3 వారాలు మాగేస్తే గడ్డికి బలం పెరుగుతుంది. ఆరు నెలలు దాటిన దూడకే ఇది పెట్టాలి. అప్పుడు తవుడు, చెక్క కొద్దిగా చాలు. కాని యంత్రంతో కోసిన సార్వా గడ్డి చాలాచోట్ల చేలోనే కాలిపోతున్నది. తాడేపల్లిగూడెం వర్తకులు తవుడు, చెక్క బేరాలతో సరిపెట్టుకోక, కోతల నాడు గడ్డికట్టలు కొని నిలవచేసి వేసవిలో అమ్మితే ఉభయులకూ గిట్టుబాటు. దూడ బతికితేనే రేపు దున్న సంతకు వస్తుంది.