జిమ్ శిక్షణకు లిఖిత నియమావళి కావాలి

జిమ్ యజమానులకు, శిక్షకులకు, పురపాలక సంఘాలకు, వ్యాయామం చేసే ప్రజలందరికీ విజ్ఞప్తి

ఒకప్పుడు తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసే యువకులకే పరిమితమైన కసరత్తు నేడు గృహిణులకూ, ఉద్యోగులకూ, వయసు పైబడిన వారికీ అందుబాటులోకి రావడం హర్షించదగిన పరిణామం. అయితే ఆ కసరత్తు నేర్పే శిక్షకుడికి వైద్యుడికో నర్సుకో ఉన్నట్టు చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ వ్యవస్థ లేకపోవడంతో, కండలు తిరిగిన దేహమే చాలాచోట్ల అర్హతాపత్రంగా చలామణీ అవుతోంది. అందుచేత ప్రతి జిమ్‌లోనూ శిక్షణ ఒక లిఖిత నియమావళి ప్రకారం సాగాలి. దానికి ఆధారం కావలసిన సూత్రాలు నాలుగు.

మొదటిది, ఆరోగ్య వివరాలు అడగకుండా బరువు ఎత్తించరాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశవ్యాప్తంగా జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు అంచనా వేసింది. ఈ జబ్బులు చాలామందిలో బయటపడకుండానే ఉంటాయి కనుక ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కీళ్ల బాధలు, వాడుతున్న మందుల గురించి చేరిన రోజే అడిగి రాసుకోవాలి. అనుమానం ఉంటే వైద్యుని సలహా తెచ్చుకోమనాలి. జిమ్‌లలో సాధారణంగా వాడే పొడవాటి కడ్డీ, ఒక్క బిళ్ల తగిలించకపోయినా, 20 కిలోలు ఉంటుంది. రక్తపోటు ఉన్న మనిషి దాన్ని భుజాల మీద మోస్తూ ఊపిరి బిగబట్టి కూర్చుని లేస్తే ఆ కొద్ది క్షణాల్లోనే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. ముందుగా కడ్డీ లేకుండా కుర్చీలో కూర్చోబెట్టి లేపి, మోకాళ్లూ నడుమూ ఎలా కదులుతున్నాయో గమనించి, ఊపిరి వదులుతూ లేవడం నేర్పడం శిక్షకుడి కనీస బాధ్యత.

రెండవది క్రమవృద్ధి, అంటే శరీరం అలవాటుపడిన కొద్దీ బరువునూ వ్యవధినీ కొంచెం కొంచెంగా పెంచడం. కండరం వారాల్లో బలపడినా, దాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనం అంత త్వరగా గట్టిపడదు. శక్తికి మించిన కసరత్తుతో కండర కణాలు ఛిద్రమై, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీసే స్థితిని వైద్యులు రాబ్డోమయోలిసిస్ అంటారు. కసరత్తు తర్వాత విపరీతమైన ఒళ్లు నొప్పులతో పాటు మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని ప్రతి శిక్షకుడూ ముందే చెప్పి ఉంచాలి.

మూడవది, శిక్షకుడు తన పరిధి దాటరాదు. అనబాలిక్ స్టెరాయిడ్లు వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్ మందులు. శస్త్రచికిత్స వేళ పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు కసరత్తు చేసే యువకుల చేతికి చేరడం గుండెకు నేరుగా ముప్పు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించాయి. కాబట్టి పొడుల అమ్మకంపై కమీషన్ తీసుకునే శిక్షకుడి ఆహార సలహా నిష్పాక్షికం కాజాలదు.

నాలుగవది, ఫలితాన్ని నెలతో కాక ఏళ్లతో కొలవాలి. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటన, వారానికి అర కిలో నుంచి కిలో వరకే తగ్గడం క్షేమమనే వైద్య సలహాకు విరుద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజుల కండర వ్యాయామం. మధ్యస్థ శ్రమ అంటే మాట్లాడగలిగి, పాడలేనంత ఆయాసం. ఇది జీవితాంతం సాగగల మోతాదు.

ఈ సూత్రాలు అమలు కావడానికి కింది చర్యలు అవసరం:

1. పురపాలక సంఘాలు జిమ్‌కు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు ఆరోగ్య ప్రశ్నావళిని, ప్రథమ చికిత్స ఏర్పాటును షరతులుగా విధించాలి.
2. గుర్తింపు పొందిన శిక్షణతో పాటు ఆగిన గుండెకు ఛాతీ ఒత్తి ప్రాణం నిలిపే సీపీఆర్ పద్ధతి నేర్చినవారినే యజమానులు శిక్షకులుగా నియమించి, వారి అర్హతలను గోడపై ప్రదర్శించాలి.
3. శిక్షకులు మందులు, పొడులు అమ్మడాన్ని పూర్తిగా నిషేధించాలి.

జిమ్‌లో చేరే ప్రతి ఒక్కరూ రుసుము కట్టే ముందే శిక్షకుడి అర్హత ఏమిటో, ఆరోగ్య ప్రశ్నావళి ఉందో లేదో అడగాలి. సమాధానం చెప్పని చోట చేరకూడదు.