పట్టా మనదే, నేల ఎవరిది?

"నా భూమి, నా ఇష్టం. మధ్యలో మీకేంటమ్మా?" రొయ్యల గుంటల ఊసెత్తితే చాలు, మా నెల్లూరు సముద్రతీరాన వినిపించే జవాబిది. ఆదివారం చర్చిలో "అంతా దేవుడిదే" అనే మావాళ్ళు కూడా ఇందుకు మినహాయింపేం కాదు. దశమభాగం ఇచ్చేశాం కదా, మిగతా తొమ్మిది వంతులూ మన ఇష్టం అనుకుంటారు.

బైబిలు అలా అనలేదే! భూమి దేవుడిదనీ, మనుషులు ఆయన దగ్గర కొన్నాళ్ళుండి పోయే పరవాసులనీ లేవీయకాండం 25వ అధ్యాయం చెబుతుంది. సువార్తల్లోని గృహనిర్వాహకుడు కూడా యజమాని కాడు, యజమానికి లెక్క అప్పజెప్పాల్సిన మనిషి. ఆడవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? ఇంటి తాళాలు మన దగ్గరున్నాయని వండిందంతా మనమే తినేస్తామా?

గుంటలో పెట్టిన ఉప్పునీరు గట్టు దగ్గర ఆగిపోదు. ఇసకనేలలో ఇంకి పక్కవాళ్ళ బావిలోకీ చేరుతుంది. రొయ్యల సాగుపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో మన జిల్లాలోని కుర్రు గ్రామం పేరుంది. గుంటల వల్ల అక్కడ 600 మంది మత్స్యకారులకు తాగునీళ్ళు కరువయ్యాయి. ఆడవాళ్ళు ఎదురుతిరిగాకే ట్యాంకర్లొచ్చాయి. బిందె మోసేది వాళ్ళే కదా మరి!

తర్వాత 2005లో కొత్త చట్టం వచ్చింది. రిజిస్టరు చేయించుకుంటే తీరంలో రొయ్యలు పెంచుకోవచ్చు. రొయ్యలతో పిల్లల చదువులు గట్టెక్కిన ఇళ్ళూ ఉన్నాయి, కాదనను. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పక్కింటి బావి ఉప్పెక్కితే మనకు పూచీ లేదా?

ఇంకో సంగతి. వీలునామా లేకపోతే 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. కాబట్టి ఉమ్మడి భూమి లీజుకివ్వాలంటే మన సంతకమూ కావాలి. "ఇక్కడ సంతకం పెట్టు" అనగానే పెట్టేయకండి. మురుగునీళ్ళు ఎటు వదులుతారు? దగ్గర్లో మంచినీళ్ళ బావులున్నాయా? లీజు అయిపోయాక నేలని బాగుచేసేదెవరు? ఇవన్నీ అడిగి, కాగితంలో రాయించండి.

హక్కుంటే సంతకం పెట్టొచ్చు. కానీ మన తర్వాతివాళ్ళకి పంటనేల ఇస్తామా, చవిటినేల ఇస్తామా అన్నది ఆ సంతకం దగ్గరే తేలిపోతుంది.