ముందు ఎవరు, తర్వాత ఎక్కడికి

థర్డ్ ఇయర్ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు టూర్ పోల్స్ నడుస్తున్నాయి. మనాలి ప్లస్ గోవా, రాజస్థాన్ ప్లస్ మనాలి, లేదంటే అన్నీ కలిపి 13 రోజులు. మా బ్యాచ్ పోయిన డిసెంబర్‌లో మూడోదానికే ఓటేసింది. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, జైసల్మేర్, మనాలి, తిరుగు దారిలో గోవా. పాత నగరాలు, ఎడారి, కొండలు, సముద్రం, నాలుగూ ఒకే ప్యాకేజీలో. మనిషికి 19 వేలు. కాలేజీ కాగితం మీద మాత్రం ఇండస్ట్రియల్ విజిట్. నేనూ వెళ్లొచ్చా. కాబట్టి ఇది వెళ్లనివాడి కడుపుమంట కాదు.

టూర్ బాగుంది. అబద్ధం ఎందుకు? రైల్లో రాత్రంతా పాడిన పాటలు, మనాలిలో మొదటిసారి ముట్టుకున్న మంచు, అవన్నీ జీవితాంతం గుర్తుంటాయి. కానీ వచ్చాక ఒకరోజు ఫోన్‌లో ఫొటోల టైమ్ చూసుకుంటూ లెక్కేశా. 13 రోజుల్లో దాదాపు 150 గంటలు రైల్లోనో బస్సులోనో ఉన్నాం. అంటే సగం. ఆమేర్ కోటలో ఉన్నది 50 నిమిషాలు. జైసల్మేర్ ఇసుకలో ఒంటె ఎక్కి దిగింది 10 నిమిషాలు. "టైమ్ అయిపోయింది, బస్ ఎక్కండి" అన్న మాటే ఎక్కువసార్లు విన్నాం.

ఒక్క చోట మాత్రం బస్సు ఆపమని మేమే గొడవ చేశాం. మనాలి దారిలో బియాస్ నది పక్కన. నీళ్లు తక్కువగా ఉన్నాయి, బండరాళ్లు తేలి ఉన్నాయి. పదిమందిమి ఫొటోల కోసం దిగి మధ్యదాకా వెళ్లాం. పైనుంచి ఒక టీ కొట్టాయన హిందీలో అరుస్తూనే ఉన్నాడు. మాకు సగమే అర్థమైంది, నవ్వుకున్నాం. రాత్రి రూమ్‌లో మా సార్ చెప్పారు. 2014 జూన్ 8న ఇదే బియాస్‌లో, మండీ జిల్లా థలౌట్ దగ్గర, హైదరాబాద్ నుంచి టూర్‌కి వచ్చిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ గేట్లు ఎత్తి నీళ్లు వదిలారు. వాళ్లూ మాలాగే నీళ్లు తక్కువగా ఉన్నాయని దిగినవాళ్లే. ఆ రాత్రి మా రూమ్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఇంతకీ నేను అసలు చెప్పాలనుకున్నది మా రూమ్మేట్ గురించి. వాడి అనుమతి తీసుకునే రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు. మా క్లాస్‌లో 62 మందిమి. టూర్‌కి వచ్చింది 39. మిగతా 23 మంది ఎందుకు రాలేదో ఆర్గనైజర్లు అడగలేదు, నేనూ అడగలేదు. మా వాడు "మీరు పోయిరాండి మచ్చా, నాకు కడుపులో బాలేదు" అన్నాడు. పది రోజుల ముందే కడుపులో బాలేకపోవడం ఏంటని నాకు తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఉన్నానేమో.

తిరిగొచ్చి ఆగ్రా పేఠా డబ్బా చేతిలో పెడితే వాడు అడిగాడు: "ఎడారి ఎట్లుంది?" నేను ఫోన్ తీసి ఫొటోలు చూపించా. "ఫొటోలు స్టేటస్‌లో చూసినాలే, ఎట్లుందో చెప్పు" అన్నాడు. రెండు వాక్యాల తర్వాత నా దగ్గర మాటలు అయిపోయాయి.

సంక్రాంతి సెలవుల్లో వాడు వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. సూళ్లూరుపేట దాటాక, పులికాట్ ఒడ్డున. చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది. రెండేళ్లకు పైగా తిరుపతిలో చదువుతూ నేను చూడనేలేదు. శ్రీహరికోట రోడ్డు నీళ్ల మధ్యలోంచి పోతుంటే రెండు వైపులా ఫ్లెమింగోలు. నేను గట్టు దిగబోతే వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగాడు. "ఆడ కాలు పెట్టబాక, బురద. మోకాలి దాకా దిగిపోతావు. ఈ పక్కన రా." వాడికి ఆ నేల తెలుసు. బియాస్‌లో మాకు ఏమీ తెలియదు. తేడా నాకు అక్కడ అర్థమైంది. తిరుగు బస్సులో వాడే చెప్పాడు, 19 వేలంటే ఇంట్లో ఎన్ని నెలల ఖర్చో. కడుపునొప్పి గురించి ఇద్దరం మళ్లీ మాట్లాడలేదు.

అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక ప్లాన్ గీశాం. నాలుగు రోజులు, మన చుట్టుపక్కలే.

మొదటి రోజు చంద్రగిరి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు నేల దక్కింది ఈ రాజుల ఏలుబడిలోనే. అక్కడి రాజమహల్‌ని రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. సివిల్ వాళ్లకి అదొక్కటే ఒక పూట పని. సాయంత్రం గుడిమల్లం. అక్కడి శివలింగం క్రీస్తుకు పూర్వం నాటిదని చాలామంది చరిత్రకారుల మాట.

రెండో రోజు తలకోన. 270 అడుగుల జలపాతం, శేషాచలం అడవి. మూడో రోజు మదనపల్లె మీదుగా హార్స్లీ హిల్స్. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది మదనపల్లెలోనే. నాలుగో రోజు నేలపట్టు పక్షులు, పులికాట్, తూపిలిపాలెం బీచ్. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కుదిరితే, ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని శ్రీహరికోట గ్యాలరీ నుంచి చూడొచ్చు. మన కాగితం మీది ఇండస్ట్రియల్ విజిట్ నిజంగానే జరిగినట్టవుతుంది. బస్సు మాట్లాడుకుని, తిండితో సహా లెక్కేస్తే మనిషికి 4 వేలు దాటలేదు.

"మరి ఎడారి?" అంటారు. ఎడారి లేదు. మంచూ లేదు. దూరం పోవడం తప్పని నేను అనట్లేదు. మనలో చాలామందికి ఢిల్లీ చూడటానికి ఇదే మొదటి అవకాశం, కొందరు అమ్మాయిలకైతే ఇంట్లో ఒప్పుకునే ఒకే ఒక్క ప్రయాణం. అది చిన్న విషయం కాదు. దగ్గరంటే ప్రమాదం ఉండదనీ కాదు. తలకోనలోనూ జారితే జారినట్టే. కాకపోతే అక్కడ ఎవరైనా "దిగొద్దు" అని అరిస్తే మనకు పూర్తిగా అర్థమవుతుంది.

దూరం వెళ్లినా ఎలా వెళ్లాలో చూపించినవాడు మన భాషలోనే ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా చేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో బయల్దేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా నుంచి తీరం వెంబడి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. ఆయన పల్లకీలో వెళ్లాడు, మోసింది బోయీలు. కాబట్టి అందరూ సమానంగా తిరిగిన టూర్ అని చెప్పను. కానీ ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఎక్కడ దిగొచ్చు, ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది అన్నీ రాసిపెట్టాడు, వెనక వచ్చేవాళ్లకి పనికొచ్చేలా. అదే కాశీయాత్ర చరిత్ర. మేం 39 మందిమి 13 రోజులు తిరిగి జూనియర్లకి మిగిల్చింది ఒక రీల్.

అందుకే నా మాట ఒక్కటే. పోల్ పెట్టే క్రమం మార్చండి. "ఎక్కడికి?" అని కాకుండా "ఎంత పెట్టగలరు?" అని ముందు అడగండి, పేర్లు కనపడకుండా. వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా చిన్నది పట్టుకుని, దానికి సరిపడే దారి గీయండి. అది మనాలికి చేరితే మనాలి, చంద్రగిరి దగ్గరే ఆగితే చంద్రగిరి. వెళ్లే ప్రతిచోటా ఆ నేల తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండేలా చూసుకోండి. వచ్చాక నాలుగు పేజీలు రాసి ఈ మ్యాగజైన్‌కే ఇవ్వండి.

మేం వేసిన నాలుగు రోజుల ప్లాన్ ఫిబ్రవరిలో క్లాస్ గ్రూప్‌లో పెట్టాం, పేర్లు కనపడని పోల్‌తో. ఇప్పటికి 54 మంది "వస్తాం" అన్నారు. మా వాడు అందరికన్నా ముందు నొక్కాడు.