అగ్నిసాక్షి చాలని వివాహము

హిందూ వివాహ చట్టము 1955లో వచ్చినది. సప్తపది ఆచారముగా గలవారికి ఏడవ అడుగు వేయగనే వివాహము పరిపూర్ణమై దంపతులను బంధించునని దాని 7వ సెక్షను చెప్పుచున్నది. కాని ఆ వరుడు అమెరికా పౌరుడైనచో, మన చట్టము ముగించిన చోటనే ఆ దేశపు చట్టమునకు ప్రశ్నలు మొదలగును. ఏడడుగులు నడిచితిరా యని యడిగి అది యూరకుండదు. ఆ నడక కాపురమునకా, సరిహద్దు దాటుటకా యని యడుగును.

భార్యను రప్పించుకొనదలచిన భర్త ముందుగా ఐ-130 అను దరఖాస్తును సమర్పింపవలెను. (భార్యయే అచ్చటి పౌరురాలైనను నియమములు ఇవియే.) పౌరుని భార్యకు సంఖ్యాపరిమితి లేదు. గ్రీన్ కార్డు మాత్రమే గలవాని భార్యకు ఏటేటి పరిమితి కలదు. ఆమె వరుసలో వేచియుండవలసినదే. పెండ్లిచూపులనాడు జీతమెంతయో మరువక అడుగు పెద్దలు ఈ భేదమును విచారించుట అరుదు. 1996 నాటి చట్టము ననుసరించి, తన ఆదాయము ఆ దేశపు దారిద్ర్యరేఖలో నూటికి 125 వంతులకు తగ్గదని చూపి భర్త పూచీపత్రము వ్రాసి యీయవలెను. చాలనిచో మఱియొకరు పూచీపడవచ్చును.

తెలుగువారికి చిక్కు పేరులోనే యున్నది. మనకు ఇంటిపేరు ముందు, వారికి వెనుక. పాఠశాల రిజిస్టరులో పొడి అక్షరముగా నున్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరించును. పెండ్లియైన పిదప దాని స్థానమున మఱియొకటి వచ్చును. ఈ మువ్వురును ఒక్కతెయే యని అఫిడవిటు వ్రాయవలసివచ్చును. జనన ధ్రువపత్రము దొరకనివారికి పాఠశాల ధ్రువపత్రము ఆధారములలో నొకటి గనుక, బడిలో చేర్చుకొన్ననాడు ఉపాధ్యాయుడు వ్రాసిన అక్షరము ఇరువది యేండ్లకు కాన్సలేటు బల్లపై తేలును.

ఇవి యన్నియు ఓర్పుతో తీరు చిక్కులు. అసలు ప్రమాదము 1986 నాటి చట్టములో నున్నది. దొంగపెండ్లిండ్లను అరికట్టుటకై అమెరికా కాంగ్రెసు ఒక షరతు పెట్టినది: శాశ్వతనివాసము లభించునాటికి వివాహమై రెండేండ్లు నిండనిచో, చేతికి వచ్చు కార్డు రెండేండ్లకే చెల్లును. ఆ గడువు తీరుటకు ముందు 90 దినములలో దంపతులిరువురును కలిసి సంతకములు చేసి, షరతును తొలగింపుడని కోరవలెను. చూచుటకిది న్యాయముగనే యున్నది. కాని ఫలితమేమి? ఆమె యునికి అతని కలపు మొనకు వ్రేలాడును. కొట్టువాడు సైతము సంతకము చేయవలసినవాడే. బంధుమిత్రులు లేని దేశమున "సంతకము పెట్టను" అను ఒక్క మాట దెబ్బకంటె బలమైనది. హింసకు గురియైన భార్య ఒంటరిగనే కోరవచ్చునను మినహాయింపు 1990లో గాని చేరలేదు. విడాకులైనను, పెండ్లి సద్బుద్ధితోనే జరిగినదని నిరూపింపగలిగినచో ఆమెకు దారి కలదు. మొదటి దరఖాస్తును సైతము, అట్టి హింసకు లోనైన భార్య భర్తతో నిమిత్తము లేక తానే వేసికొను మార్గమును 1994 నాటి చట్టము కల్పించినది. ఈ సంగతులు తెలిసి విమానమెక్కు వధువు లెందఱు? నగల పట్టిక వ్రాసి యిచ్చు పుట్టినింటివారు ఈ నాలుగు వాక్యములు కూడ వ్రాసి యిచ్చినచో ఎంత మేలు!

సంతకము చేయు పౌరుని బలమైనను అంతంత మాత్రమే. 2024 జూన్ 21న ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసులో భార్య అమెరికా పౌరురాలు, న్యాయవాది. భర్త ఎల్ సాల్వడార్ దేశీయుడు. అతడు నేరస్థుల ముఠాకు చెందినవాడన్న అనుమానముతో కాన్సలేటు వీసా నిరాకరించినది. పరదేశీయుడైన భర్తను తన దేశమునకు రానీయవలెనని కోరు మౌలికమైన హక్కు పౌరురాలికి లేదని అధికసంఖ్యాకులగు న్యాయమూర్తులు నిర్ణయించిరి. పెండ్లాడుటకు హక్కు కలదు. ఆ పెండ్లితో ఒక్క యింట నుండుటకు మాత్రము అధికారి అనుగ్రహము వలయును.

మన గడప సంగతియు చూడవలెను. భారతీయుని పెండ్లాడిన విదేశీయురాలు పౌరసత్వము కోరుటకు ముందు ఏడేండ్లు ఇచ్చట నివసించి యుండవలెను. ఓ.సి.ఐ. కార్డునకైనచో రిజిస్టరైన వివాహము రెండేండ్లు నిలిచి యుండవలెను. విడాకులైన పిదప ఆ కార్డును రద్దుచేయు అధికారము ప్రభుత్వమునకు కలదు. రద్దునకు ముందు ఆమె చెప్పుకొనునది వినవలెనను వాక్యము ఆ సెక్షనులో చేరినది 2019 సవరణతోనే.